ముళ్ళ కింది మచ్చ

చెప్పను. ఆ ముళ్ళు అసలువే అని నేను చెప్పను, ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా చెప్పను, అనుకుంటూ వాచీలు చూసే కంటి అద్దం ఊడదీసి రుమాలుతో తుడిచి మళ్ళీ బిగించుకున్నాను, అద్దానికి మురికేమీ లేదు, మచ్చ అద్దం మీద ఉందేమోనని చివరి ఆశ, అంతే, లేదు, డయల్ మీదే ఉంది, లైటును పక్కకి వంచి చూస్తే ఎనిమిది అంకె దగ్గర ఒకటి, రెండు అంకె దగ్గర ఒకటి, వెలిసిపోయిన టీ మరక రంగులో, పలచగా, ఆకు ఆకారంలో. ఈ వాచీ ఎవరి సొరుగులోనో ఏళ్ళ తరబడి ఆగిపోయి పడి ఉంది. చీకట్లో మెరవడానికి ముళ్ళకి పూసిన రేడియం, కింద ఉన్న డయల్‌ని నెమ్మదిగా కాల్చుకుంటూ వచ్చింది, ముళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ తమ ఆకారాన్ని వదిలిపెట్టాయి. ఆ ఆకారం మధ్యలో లావుగా, చివరికి వచ్చేసరికి సన్నగా ఉంది. ఇప్పుడు దీనిమీద తిరుగుతున్న ముళ్ళేమో చెక్కిన పెన్సిళ్ళలా తిన్నగా ఉన్నాయి. పెన్సిల్ ముల్లు ఆకు మచ్చ వేయదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు, అదే నా ఖర్మ.

గంట సమయం ఇచ్చారు. పక్క హాల్లో అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు, నేను తలుపు వేసుకుని ఈ చిన్న గదిలో, ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలకీ తలుపు సరిగ్గా పడని ఇనుప బీరువాకీ మధ్య, టేబుల్ లైటు ముందు. గోడకి గడియారం కూడా ఉంది, వాచీల వాళ్ళ సంఘం గడియారం కదా, ఎప్పుడూ తప్పే చూపిస్తుంది, దాన్ని బాగుచేయడం ఎవరి పనో ఇన్నేళ్ళుగా తేలలేదు. కింద ఇనుప సామాన్ల కొట్టు. ఎవరో ఊచలు దించుతున్నట్టున్నారు, దభేలుమన్నప్పుడల్లా పట్టకారు పట్టుకున్న చెయ్యిని గాల్లోనే ఆపి చప్పుడు చల్లారేదాకా ఆగుతున్నాను. పాత వాచీలో ఏ భాగం అసలుది, ఏది తర్వాత మార్చింది అని తేల్చే కుర్చీ ఒకటి ఉంది మా సంఘంలో. అందులో కూర్చునేది మా మేనమామ. ఆయన అసలుదంటే అసలుదే, దానిమీద అప్పీలు లేదు. ఎవరైనా లేచి నాకు అనుమానం ఉందంటే మాత్రం వాచీని ఇంకొకరి చేతికిచ్చి ఈ గదిలోకి పంపి తలుపు వేస్తారు. మొదట చెప్పినవాడు లోపల అడుగు పెట్టకూడదు. ఇద్దరి మాటా కలవకపోతే, మొదటివాడు కుర్చీ దిగిపోవాలి. నాకు తెలిసి మా మామయ్య మాట మీద లేచే ధైర్యం ఎవరికీ రాలేదు. ఇవాళ సూటాయన లేచాడు. పెద్ద బజార్లో అద్దాల షోరూము ఆయనది, మండే ఎండలో కూడా సూటు విప్పడు, అందుకని ఆ పేరు. "పక్కన తిప్పే కీ మార్చేశారండీ దీనికి. ఇంత పాత వాచీకి ఇంత నిగనిగలాడే కీ ఎక్కడైనా ఉంటుందా?" అన్నాడు. అధ్యక్షుడు నీళ్ళు నమిలాడు. ఎవరితో చూపించాలా అని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే మామయ్యే కుర్చీలోంచి, "మా మేనకోడలితో చూపించండి. బంధువులని మొహమాటపడే రకం కాదది" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఇంటి మనిషి ఇంటి మాటే చెబుతుందిలే అని ఆ నవ్వు.

నవ్వనీ, నాకేం కొత్త కాదు, నేను ఈ పనిలోకి వచ్చినప్పుడూ నవ్వారు. అమ్మ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా బడి వదిలాక నేను మామయ్య కొట్లోనే ఉండేదాన్ని, అది కొట్టు కాదు, రెండు షాపుల మధ్య మిగిలిపోయిన సందు, ఆయన లోపలికి వెళ్ళాలంటే పక్కకి తిరగాలి, నేను ఆయన వెనక పీట మీద, నా మోకాళ్ళు ఆయన వీపుకి తగులుతూ. అల్లరి చేయకుండా ఉంటానని ఒక డబ్బా మూతలో విడి భాగాలు పోసి ఇచ్చేవాడు, పళ్ళ చక్రాలు, చిన్న చిన్న స్క్రూలు, విరిగిన ముళ్ళు, ఒక వాచీ కేసు చూపించి, ఒక్కో భాగం పైకెత్తి అడిగేవాడు, "ఇది దీనికి సొంతమా, దత్తతా?" అని. నేను సొంతం అంటే ఎందుకు అనేవాడు, దత్తత అంటే ఎందుకు అనేవాడు, ఊరికే అన్నానంటే నెత్తిమీద మొట్టికాయ. ఊరికే అనేది వాచీల్లో లేదు అనేవాడు. ఏదీ ఊరికే అరగదు, ఊరికే మెరవదు, ఊరికే తుప్పు పట్టదు. పట్టకారు నా చేతికి ఇచ్చినప్పుడు పక్క తాళాల కొట్టువాడు వచ్చి, "ఆడపిల్లకి ఎందుకు సార్ ఈ పని, కళ్ళు పోతాయి" అన్నాడు. "నా కళ్ళు పోయాక దాని కళ్ళు పనికొస్తాయి, నువ్వు వెళ్ళి నీ తాళాలు చూసుకో" అన్నాడు మామయ్య. ఆయన నోరు అలాంటిది. ఆ నోరే నాకూ వచ్చిందని మా ఆయన అంటుంటాడు, పెళ్ళైన కొత్తలో అయితే, రాత్రి పడుకున్నాక నన్ను కూడా వెనక మూత తీసి చూస్తావేమోనని భయంగా ఉందే అనేవాడు. అవసరం లేదు, పైనుంచే తెలిసిపోతోంది అనేదాన్ని.

సరే, పని. ముందు కీ సంగతి చూద్దాం, సూటాయన గోల వదిలించుకుందాం. కీ అంచు పళ్ళు పదునుగానే ఉన్నాయి, నిజమే, కానీ ఆ పళ్ళ లోపలి గాడిలో నల్లటి మురికి రాయిలా గట్టిపడి ఉంది, సూదితో గిల్లినా రాలేదు, అది ఒక ఏడాదిలో రెండేళ్ళలో పేరుకునే మురికి కాదు. కీ అరగలేదు, ఎందుకంటే ఎవరూ తిప్పలేదు, సొరుగులో పడి ఉన్న వాచీకి కీ ఎవరు ఇస్తారు? కొత్తగా ఉన్న ప్రతిదీ మార్చిందే అనుకునేవాడికి సూటు ఒక్కటే ఉంది, బుర్ర లేదు. కీ సొంతమే. వెనక మూత సొంతమే, మర తిప్పుతుంటే ఎక్కడా పట్టుకోకుండా తేనెలా తిరిగింది. లోపల యంత్రం సొంతమే, స్క్రూల తలలు ఎవరూ కెలకలేదు. కేసు పక్కలు ఎవరూ సాన పట్టలేదు, గీత గీతలానే చేతికి తగులుతోంది. మామయ్య హాల్లో చెప్పినవి ఇవే, ఇదే వరసలో, ఒక్కొక్కటీ వేలితో రాస్తూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, కీని రెండు వేళ్ళ మధ్య నలుపుతూ చెప్పాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు. ఒక్క ముళ్ళే తప్పు. మచ్చ అంత స్పష్టంగా ఉంటే, ఈ మనిషి, దుమ్ము కణం చూసి అది ఏ గుడ్డలోంచి రాలిందో చెప్పే మనిషి, ఎలా వదిలేశాడు అని తల బాదుకుంటూ, ముళ్ళని మచ్చ పక్కన పెట్టి పోల్చి చూద్దామని పట్టకారుతో నెమ్మదిగా వాటిని లేపి గాజు గిన్నెలో పెట్టాను, రేడియం మందు రాలిపోతుందని వేలు తగలనివ్వకుండా, అదీ ఆయన నేర్పిందే, వాచీలో దేన్నైనా తాకు, పాత ముల్లుని మాత్రం వేలితో తాకకు అని.

అప్పుడు తెలిసింది నాకు. పట్టకారు బల్ల మీద పెట్టేశాను. చేతికి తెలిసేవన్నీ సరిగ్గా చెప్పాడు మా మామయ్య, చెవికి తెలిసేవన్నీ సరిగ్గా చెప్పాడు, కంటికి తప్ప ఇంక దేనికీ తెలియనిది ఒక్కటే ఉంది ఈ వాచీలో, అక్కడే తప్పాడు. ఈ కంపెనీవే, ఆ కాలానివే ముళ్ళు, పొడవు కూడా అదే, పెట్టినవాడెవడో పనిమంతుడు, తెల్లటి డయల్ మీద రెండు గీతలుగా మసగ్గా కనిపిస్తే చాలు, మిగతాది ఆయన అలవాటే నింపేసుకుంటుంది. ఒకటా రెండా, అన్నీ కళ్ళముందే జరిగాయి, నూనె చుక్క నువ్వు వెయ్యవే నీ చెయ్యి తేలిక అనడం, లోపలి నంబరు నువ్వు చదువు నా చేతికి జిడ్డుంది అనడం, చొక్కా గుండీలు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా పెట్టుకుని వచ్చి అదేంటి మామయ్యా అంటే ఇదే ఇప్పటి ఫ్యాషను అనడం. పేపరు మానేశాడు. ఎందుకు మానేశావంటే అన్నీ అబద్ధాలే అన్నాడు, నేను నవ్వాను, ఆ మాట అనే పెద్దమనుషులు ఇంటికొకరున్నారు కదా. ఒకరోజు కొట్లో కొక్కేనికి వేలాడుతున్న కోటుని కూర్చోండి సార్ అన్నాడు, పరధ్యానం అనుకున్నాను. నాకు చెప్పలేదు. పీట మీద కూర్చోబెట్టి లోకంలో ప్రతిదాన్నీ ఎందుకు అని అడగడం నేర్పిన మనిషి, నాకు చెప్పలేదు, నాకు కోపం వచ్చింది, ఏడుపు కాదు, కోపం, ఎవరినైనా పట్టుకుని దులపాలనిపించింది, గదిలో బీరువా తప్ప ఎవరూ లేరు.

తలుపు సన్నగా తెరుచుకుని వదిన తల కనిపించింది. మామయ్య కూతురు. చేతిలో టీ కప్పు ఉంది గానీ అది వంక అని ఇద్దరికీ తెలుసు. కప్పు బల్ల చివర పెట్టి, గాజు గిన్నెలో విడిగా పడి ఉన్న ముళ్ళని చూసి, నా మొహం చూసి, "తెలిసిపోయిందా?" అంది మెల్లిగా. "ఏది వదినా, ముళ్ళ సంగతా, కళ్ళ సంగతా?" అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు నింపుకుంది. "ఆపరేషన్‌కి కూడా లొంగేది కాదట. ఎవరికైనా చెబితే ఇంట్లోంచి వెళ్ళిపోతానన్నాడు. చూడు తల్లీ, ఒక్క మాట. అన్నీ అసలువే అనేసెయ్. ఆ కుర్చీ లేకపోతే ఆయన బతకడు." నేను కంటి అద్దం తీసి మళ్ళీ తుడవసాగాను. "కాదన్నావనుకో, నాన్నని దొంగ అంటారు. తెలిసి తెలిసి నకిలీని నిలబెట్టాడంటారు. అది వింటావా నువ్వు?" అని వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వదిన చెప్పింది అబద్ధం కాదు. ముళ్ళు దీనివి కావని నేనంటే మొదటి మాట దొంగ అనే వస్తుంది, ఇన్నాళ్ళూ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళ నోళ్ళలోంచే వస్తుంది. దొంగ కాదు, చూపు లేదు అని చెప్పడానికి ఆ చూపు నాది కాదు. నా నోటితో ఆయన కళ్ళ గురించి నలుగురిలో చెబితే అదింకో రకం దొంగతనం. మరి అసలువే అనేస్తే? ఎంతసేపు, ఒక్క మాట, గొంతులోంచి గాలి వదిలినంతసేపు, హాల్లో చప్పట్లు, సూటాయన మొహం మాడిపోవడం, మామయ్య మీసం దువ్వుకోవడం, అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. ఆ తర్వాత? రేపు ఇంకో వాచీ వస్తుంది, ఎల్లుండి ఇంకోటి, ప్రతిసారీ నేను ఈ గదిలో కూర్చుని ఆయన గుడ్డితనానికి కాపలా కాయాలి, ఆయన తప్పుల మీద నా మాట ముద్ర వేసుకుంటూ పోవాలి, చివరికి నేను చెప్పే సొంతానికీ దత్తతకీ తేడా ఉండదు. అది నేను చేయను. ఆయనంటే ఎంత ప్రేమైనా చేయను. ప్రేమ ఉంది కనకే చేయను అని గొప్పలు కూడా చెప్పుకోను, నాకు చేతకాదు, అంతే, మచ్చ కనిపించాక కనిపించలేదనడం నా వల్ల కాదు, ఈ మొండితనం ఎక్కడ పట్టిందో ఆయన్నే అడగండి. కానీ ఆయన వెనక చెప్పను. ముందు ఆయనతో చెబుతాను.

తలుపు పూర్తిగా తెరిచాను. హాలంతా ఒక్కసారి తలెత్తింది. "మామయ్యా, ఒకసారి లోపలికి రా" అన్నాను. అధ్యక్షుడు కుర్చీలోంచి సగం లేచి, "అలా కుదరదమ్మా, మొదట చెప్పినాయన లోపలికి రాకూడదు, రూలు" అన్నాడు. "మీ రూలుకి ఏమీ కాదు, జాగ్రత్తగా అక్కడే పెట్టుకోండి, రెండు నిమిషాల్లో వస్తాం" అన్నాను. మామయ్య లేచాడు. ఇదివరకు వెయ్యిసార్లు చూసిన నడకే, తల పైకెత్తి, తొందర లేకుండా, రాజులా. ఇవాళే చూశాను, వస్తూ వస్తూ ప్రతి కుర్చీ వీపునీ వేళ్ళ చివరలతో తాకుతూ వచ్చాడు. తలుపు వేశాను.

"ఏమైందే?"

"ముళ్ళు దీనివి కావు మామయ్యా."

ఆయన నవ్వాడు. "ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు. వాచీ ఆయన అరచేతిలో పెట్టాను, బొటనవేలు అలవాటుగా కేసు అంచు చుట్టూ తిరిగింది, కంటి అద్దం పెట్టుకుని వంగి చాలాసేపు చూశాడు, లోపల చూస్తున్నవాళ్ళు ఎలా ఊపిరి బిగబడతారో అలా బిగబట్టాడు కూడా. "ముళ్ళకేమైందే, నిక్షేపంగా ఉన్నాయి" అన్నాడు.

నేను పరీక్ష పెట్టలేదు. ఒట్టు, ఆ సంగతే మరిచిపోయాను. "వాటిని తీసి గిన్నెలో పెట్టాను మామయ్యా" అన్నాను.

ఆయన అద్దం తీయలేదు. అలాగే వంగి ఉండిపోయాడు, బోడి డయల్ మీదకి. కింద కొట్లో ఊచలు దభేలుమన్నాయి, ఆయన భుజాలు అదిరాయి. తర్వాత వాచీని బల్ల మీద పెట్టాడు, పెట్టేముందు బల్ల ఎక్కడుందో చిటికెన వేలితో చూసుకుని మరీ పెట్టాడు. "అసలువే అని చెప్పు" అన్నాడు. అడగలేదు, పని చెప్పినట్టు చెప్పాడు.

"చెప్పను."

"నిన్ను ఎందుకు పిలిపించాననుకున్నావ్? మొహమాటం లేనిదానివని అందరి ముందూ అన్నానుగానీ, నన్ను దాటి మాట్లాడవని పిలిపించాను."

అది గుచ్చుకుంది. ఇంత వయసొచ్చాక, పిల్లలు పెళ్ళిళ్ళ వయసుకొచ్చాక కూడా, పీట మీద కూర్చున్న పిల్లలా నా మొహం వేడెక్కిపోయింది. "అయితే తప్పు మనిషిని పిలిపించావు" అన్నాను. "నీ కళ్ళ గురించి నేను ఎవరికీ చెప్పను. అది నీ ఇష్టం. దొంగ అన్నా పడి ఊరుకుంటావో, ఉన్నది చెప్పుకుంటావో నువ్వే తేల్చుకో. ముళ్ళు మాత్రం దీనివి కావు. ఆ మాట చెప్పకుండా ఈ గదిలోంచి బయటికి వెళ్ళను."

"నేను నేర్పిన పనితో నన్నే దింపుతావా?"

"ఇంకెవరు నేర్పిన పనితో దింపను? నాకు వచ్చింది అదొక్కటే."

తిడతాడనుకున్నాను. వెళ్ళిపోతాడనుకున్నాను. నా స్టూలు మీద కూర్చున్నాడు, ముసలివాడైపోయాడు ఒక్కసారిగా, మెడ దగ్గర గడ్డం గీసుకోవడం మరిచిపోయిన చోట్లు తెల్లగా కనిపిస్తున్నాయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండిపోయాడు. నేను మాట తిప్పలేదు. తిప్పడానికి ఎన్ని మాటలు నోటిదాకా వచ్చాయో నాకు తెలుసు, మింగాను. చివరికి తల ఎత్తకుండానే అడిగాడు.

"మచ్చ ఉందా?"

"ఉంది. రెండూ ఉన్నాయి."

"ఎలా ఉన్నాయే?"

"ఆకుల్లా. మధ్యలో లావు."

"చివర ఎలా ఉంది? కోసినట్టు ఉందా, వంపు తిరిగిందా?"

అద్దం పెట్టుకుని మళ్ళీ వంగాను. "వంపు తిరిగింది. చాలా కొంచెం, ఎడమ వైపుకి."

"ఎడమ వైపుకా!" ఆయన లేచి నిలబడ్డాడు. "అవి ఈ కంపెనీ మొదటి ఏడాది చేసిన ముళ్ళే! తర్వాత మానేశారు వాటిని, అచ్చు సరిగ్గా పడక. నా జీవితంలో ఒక్కసారి చూశాను, మా గురువుగారి చేతిలో. ఓరి దీని దుంపతెగ, ఇంత వాచీ నా చేతిలోకి వచ్చి..." అని ఆగిపోయాడు, మొహమంతా వెలిగిపోయి ఉంది, ఆ వెలుగులోనే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, నేనూ తుడవలేదు. "పెన్సిల్ ముళ్ళు పెట్టింది ఏ గాడిదో గానీ, సిగ్గుండాలి వాడికి. పద" అన్నాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు, తలుపు చెక్కని తడిమి ఆయనే తీశాడు.

హాల్లో ఆయన కుర్చీ దాకా వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, "కీ అసలుదే, సూటాయన తప్పు. ముళ్ళు మార్చినవి, నేను తప్పు. చూడకుండా చెప్పాను. నాకు చూపు లేదు, రెండేళ్ళు కావస్తోంది, మా అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఇంక అడిగేవాళ్ళు అడగండి" అన్నాడు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను వాచీ, ముళ్ళున్న గిన్నె రెండూ అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టి, కేసు, మూత, యంత్రం, కీ ఆయన చెప్పినట్టే ఉన్నాయని, ముళ్ళు దీనివి కావని, కావలసినవాళ్ళు వచ్చి మచ్చ చూసుకోవచ్చని చెప్పాను. ముందుగా తేరుకున్నది సూటాయనే. "అయితే ఈ రెండేళ్ళలో మీరు అసలువే అని తేల్చిన వాచీలన్నీ?" అన్నాడు, అంతా తనవైపు చూడాలని కాస్త గట్టిగా. మామయ్య నావైపు తిరిగాడు, నేను ఎటు ఉన్నానో ఊపిరిని బట్టి కనిపెట్టినట్టున్నాడు. "పట్టుకురండి" అన్నాడు. "ఒక్కటి వదలకుండా పట్టుకురండి. నేను తాకి చెబుతాను, ఇది చూసి చెబుతుంది. ఎక్కడ తప్పుంటే అక్కడ తప్పని ఇద్దరం కలిసి చెబుతాం."

హాల్లో సగం మంది చేతులు వాళ్ళ వాళ్ళ మణికట్లని కప్పుకున్నాయి. సూటాయన కోటు చెయ్యిని కిందకి లాక్కున్నాడు. నేను లైటు తెచ్చి బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను, కంటి అద్దం బిగించుకున్నాను.

"రండి, ముందెవరు?" అన్నాను.